రోగి పరిచర్య – సంపూర్ణ దృష్టి



ఉప్పల్, నాచారం వైపు ఉండే మనకి ఆసుపత్రి కొత్త కాదు. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ అక్కడికి వెళుతూనే ఉంటారు. అక్కడైనా, మరోచోటైనా పక్షవాతమో, గుండెజబ్బో, ఆపరేషనో అయిన మనిషి కొన్నాళ్ళకి ఇంటికి వచ్చేస్తాడు. డాక్టరుగారి పని చాలామటుకు అక్కడితో అయిపోతుంది. ఆ తరవాత నెలల తరబడి చూసుకునేది ఎవరు? మనమే. మనకి ఎవరూ నేర్పలేదు. అమ్మ ఎలా చేసిందో, అత్తగారు ఎలా చేసిందో చూసి చేసుకుపోతాం. అందుకే నర్సుల చదువులో ఉన్న ఒక సిద్ధాంతం గురించి ఇవాళ మీతో చెబుదామనుకున్నాను. సిద్ధాంతం అనగానే భయపడకండి, ఇది మన ఇంటి విషయమే.

అమెరికాలో, చికాగోలో, మైరా లెవిన్ అనే నర్సు ఉండేవారు. 1920లో పుట్టి 1996లో కన్నుమూశారు. నర్సు పని అంటే ఇంజెక్షన్లూ, కట్లూ అని కాకుండా, మంచంమీద ఉన్న మనిషి మొత్తాన్ని చూడాలని ఆమె వాదన. 1967లో నాలుగు సూత్రాలు చెప్పారు. 1969లో వాటిమీదే పాఠ్యపుస్తకం రాశారు. ఆ నాలుగూ కాపాడవలసిన సంగతులు: రోగి శక్తి, రోగి శరీరం, రోగి వ్యక్తిత్వం, నలుగురితో అతనికున్న సంబంధం. ఇంగ్లీషులో ఆరోగ్యం అనే మాటా, సంపూర్ణం అనే మాటా ఒకే పాత ధాతువునుంచి వచ్చాయని ఆమె గుర్తుచేసేవారు. మన భాషలో 'స్వస్థత' ఉండనే ఉంది కదూ! తనలో తాను నిలిచి ఉండటం అని దాని అర్థం.

ఒక మాట ముందే చెబుతాను. ఈమధ్య ఏ లేహ్యం అమ్మేవాడైనా 'సంపూర్ణ చికిత్స' అని బోర్డు పెడుతున్నాడు. లెవిన్ చెప్పింది అది కాదు. డాక్టరు ఇచ్చిన మందు మానమని ఆమె ఎక్కడా అనలేదు.

శక్తి సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. గుండెజబ్బు మనిషికి స్నానం, భోజనం, వ్యాయామం వరసగా ఒకే గంటలో చేయించకండి. మధ్యలో కాస్త పడుకోనివ్వాలి. స్నానానికి స్టూలు వేసి కూర్చోబెట్టాలి. రాత్రి మందు వేళలు డాక్టరుని అడిగి, నిద్ర చెడకుండా సర్దుకోవచ్చు.

శరీరం విషయంలో మనల్ని ఎక్కువగా బాధపెట్టేవి పడకపుండ్లు. కదలలేని మనిషిని సాధారణంగా రెండుగంటలకోసారి పక్కకి తిప్పాలి. నడుము కింద, తుంటిదగ్గర, మడమలమీద రోజూ చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఎరుపు పోయి మళ్ళీ రావాలి. నొక్కినా పోకపోతే పుండు మొదలవుతోందన్నమాట. ఆ చోట నూనె రాసి మర్దనా చేయడం మనకి అలవాటు. చేయకూడదు, లోపలి కండ మరింత దెబ్బతింటుంది. పౌడరు చల్లినా పుండు ఆగదు. బరువు తీసేయడమే మందు. దుప్పటి ముడతలు కూడా సాపు చేయాలి. పక్షవాతం వచ్చినవాళ్ళకి పడుకోబెట్టి నీళ్ళు, జావ పోయకండి. నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా ఇవ్వాలి. మింగడం కష్టమవుతూంటే డాక్టరుకి వెంటనే చెప్పండి.

ఇంతవరకు మంచి నర్సు ఎవరైనా చెబుతుంది. నాకు నచ్చింది మూడోది. మా వీధిలో ఒకాయన నాచారంలో మిషనుమీద పనిచేసేవాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇంటికి వచ్చాక అన్నం పెడితే మొహం తిప్పేసేవాడు. అరుచి అనుకుని భార్య రోజుకో పచ్చడి చేసింది. తీరా చూస్తే, మంచం ముందుగదిలో ఉంది. వచ్చేపోయేవాళ్ళ ఎదుట పసిపిల్లాడిలా తినిపించుకోవడం ఆయనకి సిగ్గు. మంచానికి అడ్డంగా ఒక చీర కట్టి, ఎడమచేత్తో పట్టుకునేలా చెంచా ఇచ్చింది. సగం ఒలికినా తనే తినడం మొదలుపెట్టాడు. లెవిన్ మూడో సూత్రం ఇదే. బట్టలు మార్చేటప్పుడు తలుపు వేయడం, కాఫీయా టీయా అని అడగడం, కళ్ళజోడూ పళ్ళసెట్టూ చేతికి అందేచోట పెట్టడం, అన్నీ దీంట్లోకే వస్తాయి. ముసలివాళ్ళు ఆసుపత్రిలో రాత్రిళ్ళు తికమకపడి ఏదేదో మాట్లాడతారు చూడండి, కళ్ళజోడు, వినికిడి మిషను, కనిపించే గోడగడియారం ఉంటే ఆ తికమక తగ్గుతుందని ఇప్పుడు వైద్యులు కూడా అంటున్నారు. రోగి ఉన్న గదిలో గుసగుసలాడటం ఎంత క్రూరమో ఫ్లారెన్స్ నైటింగేల్ నూట అరవై ఏళ్ళ కిందటే రాశారు. ఆ పుస్తకం ఇంట్లో రోగుల్ని చూసుకునే ఆడవాళ్ళకోసమే రాసింది.

నాలుగోదగ్గర మనకి చిక్కు వస్తుంది. బంధువులు రావద్దంటే మనసు నొచ్చుకుంటారు. వరంగల్ నుంచి బస్సెక్కి ఉప్పల్‌లో దిగినవాళ్ళని గుమ్మంలోంచి పంపించేస్తామా? వాళ్ళు రావడం రోగికి ధైర్యం, నాలుగో సూత్రం. వచ్చి రెండుగంటలు కూర్చోవడం మొదటి సూత్రానికి దెబ్బ. నా మటుకు నేను పది నిమిషాలు రోగిదగ్గర, మిగతా కాలక్షేపం వంటింట్లో అంటాను. మాట మొహంమీద చెప్పలేకపోతే, 'మందు వేసుకునే వేళైంది' అనండి. తప్పేమీ లేదు!

పని పోతుందేమో, జీతం ఆగుతుందేమో అన్న దిగులు కూడా ఈ నాలుగోదానిలోదే. ఇ.ఎస్.ఐ. బీమా ఉన్న కార్మికుడికి, నిబంధనల మేరకు, జబ్బు సెలవులో జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజులదాకా డబ్బు ఇస్తారు. పక్షవాతంలాంటి కొన్ని దీర్ఘవ్యాధులకి 80 శాతం, ఇంకా ఎక్కువకాలం. దానికి ఇ.ఎస్.ఐ. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. మందుల చీటీతోపాటు ఆ కాగితాలూ జాగ్రత్తచేసి, రోగికి ఆ మాట చెప్పండి. కొందరికి నిద్రమాత్రకన్నా అదే బాగా పనిచేస్తుంది.

మరి మంచం పట్టింది ఇల్లాలే అయితే? భర్త బీమామీద ఆమెకి వైద్యం జరుగుతుంది. ఇంటిపనికి మాత్రం సెలవు చీటీ రాసే డాక్టరు లేడు. గర్భసంచి తీసేసిన మనిషి ఆరువారాలదాకా బరువులు ఎత్తకూడదని సాధారణంగా చెప్పి పంపిస్తారు. వారం తిరక్కుండానే నీళ్ళ బిందె ఎత్తుతుంది. అడిగితే, 'ఎవరున్నారమ్మా' అంటుంది. ఇంట్లో నలుగురుంటారు! ఆపరేషనుకి వెళ్ళే ముందురోజే అందరినీ కూర్చోబెట్టండి. నీళ్ళు ఎవరు పడతారు, కుక్కరు ఎవరు పెడతారు, పిల్లల్ని బడికి ఎవరు దింపుతారు, పేరుపేరునా చెప్పించి, కాగితంమీద రాసి వంటింటి తలుపుకి అంటించండి. మీవారి పేరు మొదట రాయండి.