మోటు కత్తిలోని సొగసు



మా గ్రామదేవత గుడిలో పూర్వులనాటి ఖడ్గమొకటి కలదు. విజయదశమినాడు దానిని జమ్మిచెట్టుకడ నుంచి పూజించుట మా యూరి యాచారము. నాకు పాతికేండ్ల ప్రాయమున, దానిని శుభ్రపరచు పనిని పెద్దలు నాకొప్పగించిరి. అలుగుమీది సమ్మెటగుర్తులు, ఎగుడుదిగుడు వెన్ను నాకు పనివాని యజాగ్రత్తగా దోచినవి. ఆకురాయితో నరగదీసి, ఇటుకపొడితో తోమి యద్దమువలె జేసితిని.

మా యూరి వృద్ధ కమ్మరి దానిని చేతబట్టి చూచి, "పంతులుగారూ, కత్తి మెరిసినది కాని, చేసినవాని చెయ్యి చెరిగిపోయినది" అనెను. ఆ మాట యర్థము నాకు చాలయేండ్లకు గాని తెలియలేదు.

మంచి ఖడ్గమునకు మూలము మంచి యుక్కు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము పూర్వము దీనికి ప్రసిద్ధి. పారసీక వర్తకులు అచ్చటికి వచ్చి కొనిపోవుచుండిరి. 1795లో లండనునందలి రాయల్ సొసైటీలో పియర్సన్ అను రసాయనవేత్త వ్యాసము హిందూదేశపు ఉక్కును గూర్చి చదువబడినది. వారు దానిని "వూట్జ్" అనిరి. మన "ఉక్కు" అను దక్షిణదేశ పదమే అట్లు మారినదని పలువురి మతము.

ఇనుపముక్కలను బొగ్గుతో గూడ మట్టిమూసలోనుంచి, మూతి మూసి, కొలిమిలో గరగించి, మెల్లగా జల్లార్చెడివారు. అందు కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలుండును. దానిని మితమైన వేడిలోనే సాగగొట్టవలెను. వేడి మించెనా, లోపలి చారలు నశించును. చక్కగా గొట్టిన యలుగుకు ఆమ్లము పూసినచో, చెరువుపై చిరుగాలి వీచినట్లు అలలు కనబడును. నాడు వేడిని గొలుచు యంత్రము లేదు. ఎర్రని వన్నెను కంటితో గుర్తించుటయే కొలత. కావున నొక కత్తివలె వేరొకటి యుండదు.

ఆ యలలు లోహములోపలివి. పైమెరుగు క్రింద మరుగైనను మరల దేవచ్చును. మా గుడికత్తి సామాన్యమైనది, దానికి అలలు లేవు. సమ్మెటగుర్తులే దాని చేవ్రాలు. వానిని మరల దెచ్చు మందు లేదు.

కావున పెద్దలకు నా మనవి. మీ యిండ్లలోగాని గుళ్లలోగాని పాతకత్తి యున్నచో సానకు బంపకుడు. పాతయినుము క్రింద దూచి యీయకుడు. ఎర్రని పొడితుప్పును నూనెగుడ్డతో మెల్లగా దుడువుడు. నల్లబారిన పొరను గీకకుడు. పిదప ప్రక్కవెలుతురులో నొకమారు త్రిప్పి చూడుడు. సమ్మెట పడిన ప్రతిచోటును మీకు గనబడును.

ఇప్పటికిని ప్రతి దసరాకు ఆ ఖడ్గమునకు నూనె రాచువాడను నేనే. నున్ననైన యాచోట వ్రేలు తగిలినపుడెల్ల ఆ వృద్ధుని మాట వినబడును.

సెలవు.