మంచు లేని నదులు, మునిగే పొలాలు

(తిరుమలగిరి మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిమాలయాల్లో పుట్టిన నదులు ఎండలు మొదలవగానే పెరుగుతాయి. చలికాలమంతా కొండ మీద పేరుకున్న మంచు కరిగి దిగుతుంది. ఆ మంచు ఎంత ఉందో ముందే కొలుచుకోవచ్చు, ఎంత నీరు వస్తుందో కొంతవరకైనా లెక్క కట్టవచ్చు.

మనకు ఆ వెసులుబాటు లేదు. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర, మూసీ వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుట్టాయి. రెండింటికీ వానే ఆధారం. ఏప్రిల్‌లో మన బిక్కేరు వాగులో ఇసుక తప్ప ఏముంటుంది? (ఆ ఇసుకైనా ఎంత మిగిలిందో మీకు తెలుసు.) అదే వాగు రెండు రోజుల ముసురుకు ఒడ్లు దాటుతుంది. వాన ఆగేలోపే నీరు పొలంలో ఉంటుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. వేలమంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరానికి అది మేలే, కాదనం. కానీ ఆ గేట్లు ఎత్తిన నీరు ఎక్కడికి పోతుంది? వలిగొండ మీదుగా మన జిల్లాల్లోకే వస్తుంది. 2020 అక్టోబరులో అదే జరిగింది. అక్టోబరు అంటే వరి కోతకొచ్చే నెల. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర కలిసి పొంగితే అలంపూర్ ప్రాంతం మునిగింది. 2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకే గండి పడింది. సాగునీరు ఇవ్వాల్సిన కాలువే పంటను కొట్టుకుపోయింది.

మనది మెట్ట, మనకేం వరద అనుకోవద్దు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు తెగితే దాని నీరంతా కిందిచెరువు మీద పడుతుంది. అది నిలబడకపోతే మూడోది. వెనుక ఊరికి నీరటి ఉండేవాడు. ముసురు పట్టిన రాత్రి లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగేవాడు, ఎలుక బొక్క కనిపిస్తే ఊరిని లేపేవాడు. 2023లో వీఆర్ఏ వ్యవస్థ రద్దయింది. వాళ్లకు వేరే శాఖల్లో పర్మినెంటు ఉద్యోగాలు వచ్చాయి, సంతోషం. మరి కట్ట మీద ఎవరు తిరగాలి? ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఇక పరిహారం. 33 శాతం, ఆపైన పంట పోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ. కేంద్ర నిబంధన ప్రకారం నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరానికి ఏడు వేలకు కాస్త తక్కువ. అదీ రెండు హెక్టార్ల వరకే. ఇసుక మేట మూడు అంగుళాలు దాటితే తీయించడానికి హెక్టారుకు 18,000. జేసీబీ ఎన్ని గంటలు నడుస్తుందో మీరే లెక్క వేసుకోండి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి 10,000 ప్రకటించింది. ఫసల్ బీమా నుంచి 2020లోనే రాష్ట్రం బయటికి వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కౌలుదారుది. విత్తనం ఆయనది, అప్పు ఆయనది, మునిగిన పంటా ఆయనదే. కాగితం మీద పేరు పట్టాదారుది. 2011లోనే అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డు ఇవ్వాలని అందులో ఉంది. ఈ సభలో ఆ కార్డు ఉన్నవాళ్లు చేయి ఎత్తండి.

చూశారు కదా.

అందుకే మనం అడిగేవి మూడే. గేట్లు ఎత్తేముందు కింది ఊళ్లకు కబురు రావాలి. ప్రతి చెరువుకూ వానాకాలం నాలుగు నెలలు ఒక కాపలా మనిషిని జీతమిచ్చి పెట్టాలి. నష్టం రాసేటప్పుడు సాగు చేసిన మనిషి పేరు రాయాలి. ఏఈవో పొలానికి వచ్చినప్పుడు పక్క రైతులం నలుగురం వెంట ఉండి, ఆ పేరు రాసేదాకా కదలొద్దు.

రోహిణి కార్తె లోపలే మన పని మొదలుపెడదాం. ఊరికి ఐదుగురు కట్టల మీదికి పోవాలి. తూము తలుపు దిగుతుందా, అలుగు ముందు ఎవరైనా మట్టి పోశారా, కట్టకు ఎక్కడ కోత పడిందో చూసి, తేదీ వేసి రాయండి. ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి నీటిపారుదల ఏఈకి ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. మూడో ప్రతి సంఘం దగ్గర ఉంటుంది.