ట్రాక్టరు వెనుక టైరు – ఇంటివద్ద మార్చు విధము



పూర్వము బండిచక్రమునకు ఇనుపపట్టా వేయుట గ్రామమున కమ్మరి, వడ్రంగుల పని. పట్టాను ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి, నీరు చల్లినంతనే అది బిగిసికొనెడిది. ట్రాక్టరునకును తొలుత ఇనుపచక్రములే ఉండెడివి. 1932లో అమెరికాలోని ఆలిస్-చామర్స్ సంస్థ గాలిటైర్లు గల ట్రాక్టరును విపణిలో ప్రవేశపెట్టెను. మన దేశమున 1959లో ఫరీదాబాదునందు ఐషర్ సంస్థవారి ట్రాక్టరు తయారై వెలువడెను. నేడు మహానంది అరటితోటలు మొదలు నంద్యాల రేగడిపొలముల వరకును గాలిటైరే నడుచుచున్నది. పంక్చరైనపుడు పనివాడు దగ్గర లేనిచో రైతే దానిని ఇంటివద్ద విప్పవలసి వచ్చును. ఈ పనికి కండబలముకంటె క్రమము ముఖ్యము.

వెనుక చక్రపు బరువు కంటికి కనబడునది కాదు. దుక్కిలో చక్రము జారకుండుటకై పలువురు రైతులు టైరులో నూటికి 75 పాళ్లవరకు నీరు నింపింతురు. ఆ నీటితో చక్రము ఒరిగినచో ఇద్దరు మనుష్యులు ఆపజాలరు. కావున వాల్వు క్రిందికి ఉండునట్లు ట్రాక్టరును గట్టినేలపై నిలుపవలెను. నాగలిని విప్పి, బ్రేకు వేసి, మిగిలిన చక్రములకు ముందువెనుకల అడ్డులు పెట్టవలెను. చక్రము నేలపై ఉండగానే నట్లను కొంచెము వదులు చేయవలెను. రేగడినేలలో జాకీ దిగబడును. దాని క్రింద మందమైన పలక వేయవలెను. ఎత్తిన పిదప ఇరుసు క్రింద కొయ్యమొద్దులు పేర్చవలెను. ఇటుకలు కూడవు, బరువునకు అవి పగులును. అటుపిమ్మట వాల్వు విప్పి నీరంతయు తీసి, చక్రమును దింపవలెను.

టైరు అంచును విడదీయునపుడు తొందరపడినచో ట్యూబు తెగును. ట్యూబునకు అతుకు వేసినంత మాత్రమున పని తీరదు. తుమ్మముల్లో మేకో టైరులో మిగిలియున్నచో మరునాడే గాలి పోవును. లోపలిభాగమంతయు గుడ్డతో తడిమి చూడవలెను. తిరిగి ఎక్కించునపుడు అంచులకు సబ్బునీరు పూయవలెను. టైరు ప్రక్కనున్న బాణపుగుర్తు చక్రము ముందుకు తిరుగు దిశను చూపవలెను. తలక్రిందులైనచో దుక్కిలో పట్టు తగ్గును.

గాలి నింపుటయే అన్నిటికంటె ప్రమాదకరము. అంచు రిమ్ముపై కూర్చొనుటకు చదరపు అంగుళమునకు 35 పౌండ్లు మించరాదు. అప్పటికిని కూర్చొననిచో గాలి తీసి, మరల సబ్బునీరు పూసి ప్రయత్నింపవలెను; సుత్తితో కొట్టరాదు. నింపువాడు టైరు ప్రక్కభాగమున కెదురుగా నిలువరాదు. పిల్లలను దూరముగా పంపవలెను. టైరు ఉండగా రిమ్మునకు వెల్డింగు చేయించుట ప్రాణాంతకము. లోపలి గాలి వేడెక్కి టైరు ప్రేలును. రిమ్ము పగిలియున్నచో పనిని అంతటితో ఆపి నిపుణునికి అప్పగించుట వివేకము.

నట్లను ఎదురెదురుగా బిగించి, కొన్ని గంటలు పని చేసిన పిదప మరల బిగువు చూడవలెను. పొలములో ఉండవలసిన గాలి కొలత, నట్ల బిగువు ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో ఉండును. ఆ పుస్తకము పనిముట్ల పెట్టెలో నూనె మరకలతో చివికిపోవుచున్నది. దాని ప్రతి యొకటి గ్రంథాలయమునకు చేరి, చదువనేర్చినవారు చదువనేరనివారికి వినిపించినచో, రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయము ఒక రైతు చేతినో ప్రాణమునో కాపాడినదగును.