ఎముకల చికిత్సయు, మన సంఘ కర్తవ్యమును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మనది మెట్టసీమ. వాన కురిసిన సేద్యము, కురియకున్న కూలి. కర్నూలు, కడప ప్రాంతములయందు పెక్కు కుటుంబములకు గల మూలధనము కాలుసేతులే. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాతి గనులలో బండలనెత్తువారును, మంగంపేట ముగ్గురాతి గనులలో పాటుపడువారును, ఆదోని, కోసిగి వైపు నుండి మిరపకాయ కోతలకు గుంటూరు సీమకు వలసపోవువారును మనలో కలరు. వీరిలో నొకనికి కాలు విఱిగినచో మంచము పట్టునది వాడొక్కడు కాదు, ఆ యిల్లంతయు. కావున ఈ యేడు ఎముకల వైద్యమును గూర్చి విన్నవింప దలచితిమి.

ఎముక విఱిగిన వెంటనే మన పల్లెలలో వినబడు మొదటి మాట ‘పుత్తూరు’. పూర్వపు చిత్తూరు జిల్లాలోని ఆ యూరి చెంత తరతరములుగా నడచుచున్న కట్టువైద్యమునకై తెలుగు, తమిళ, కన్నడ దేశములనుండి జనులు పోవుచున్నారు. ఆకు పసరును, కోడిగ్రుడ్డు తెల్లసొనయు పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలతో కట్టు కట్టుట అందలి పద్ధతి. దీనిని పరిహసించుట తగదు. విఱిగిన ఎముకను కదలనీయక నిలుపుటయే ఏ కట్టునకైనను మూలసూత్రము. సుశ్రుతుడు పండ్రెండు విధములగు అస్థిభంగములను, ఆఱు విధములగు కీలు తొలగుటలను వేఱుపఱచి చెప్పియున్నాడు. పాశ్చాత్యులలోను ఈ విద్య కట్టువైద్యుల యిండ్లనుండియే పెరిగినది. వేల్సు దేశమునందలి ఆంగ్లసీ ద్వీపమున ఎముకలు కట్టు వంశమున బుట్టిన హ్యూ ఓవెన్ థామస్ అనునాతడు వైద్యకళాశాలలో చదివి, లివర్‌పూలు నగరమున బీదలకు వైద్యము చేసెను. ఆతడు కల్పించిన ఇనుప బద్దను ఆతని మేనల్లుడు రాబర్టు జోన్సు మొదటి ప్రపంచయుద్ధమున ప్రచారమునకు దెచ్చుటచే తొడయెముక విఱిగిన సైనికు లనేకులు ప్రాణములతో బయటపడిరి. తాతల చేతివాటమును, కళాశాల చదువును ఒక్క యింట కలిసినందువలన లోకమునకు గలిగిన మేలిది.

అయినను కట్టునకు మేర కలదు. 1895లో రాంట్‌జెను ఎక్స్‌రేను కనుగొనిన పిదప, లోపలి ఎముక యెట్లు విఱిగినదో కంటితో చూచి చికిత్స చేయుట సాధ్యమైనది. చూడక కట్టిన కట్టు అన్నివేళల సరిపడదు. ఎముక చర్మమును చీల్చుకొని బయటికి వచ్చినప్పుడు పసరుగాని, నూనెగాని, మన్నుగాని తగులనీయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి, ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలయును. కట్టు కట్టిన పిమ్మట వ్రేళ్ళు చల్లబడినను, నీలివన్నె దాల్చినను, తిమ్మిరెక్కినను, నొప్పి క్షణక్షణము హెచ్చినను, ఆ కట్టు రక్తమును అడ్డుచున్నదని యెఱుగవలయును. వెంటనే సడలించి వైద్యునొద్దకు పోనిచో అవయవమే పోవచ్చును. ముసలివారు జారిపడి తుంటి విఱుచుకొన్నప్పుడు “వయసు మీరినది, ఇంక ఏమి చేయుదుము” అని మంచమున పండబెట్టుట మనలో నున్న దురాచారము. త్వరలో శస్త్రచికిత్స జరిగినచో వారిలో పెక్కురు మరల లేచి నడువగలరు. పండియుండుటచే పుండ్లు పడి, ఊపిరితిత్తులు చెడి, మరణించువా రనేకులు.

మనకు ఆసుపత్రులు లేవా? కలవు. కర్నూలున వైద్యకళాశాలతో కూడిన ప్రభుత్వ పెద్దాసుపత్రి యున్నది. కడపయందు 2006లో ప్రభుత్వ వైద్యకళాశాల నెలకొన్నది. తిరుమల తిరుపతి దేవస్థానమువారి ఆదరమున తిరుపతిలో వెలసిన ‘బర్డ్’ ఆసుపత్రి ఎముకలకును కీళ్ళకును ప్రత్యేకమైనది. పోలియోచే కాళ్ళు చచ్చుబడిన బిడ్డలకు శస్త్రచికిత్సలు చేసి అది కీర్తిగాంచెను. మనదేశమున సహజ పోలియో సోకిన కడపటి రోగి 2011లో కనబడగా, 2014లో దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. నేడచట అరిగిన మోకాలి కీళ్ళు, తుంటి కీళ్ళు మార్చుచున్నారు. 2005 నుండి 108 వాహనము వచ్చినది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ నేడు ఎన్‌టీఆర్ వైద్యసేవ యను పేర నడచుచున్నది.

మఱి కొఱత యెక్కడ? వాకిలి తెఱచియున్నది, వాకిలికి పోవు దారి బీదవానికి లేదు. కడపనుండి తిరుపతి నూటనలుబది కిలోమీటర్లు. కర్నూలునుండి మున్నూటికి మించును. చికిత్సకు పైకము పుట్టినను, వెంట నుండువాని భోజనము, బస, పోయిన కూలి ఎవరిత్తురు? నెలకొకసారి చూపించుకొమ్మన్నప్పుడు బస్సు చార్జీ లేక మానివేయువాని ఎముక వంకరగా అతుకును, కీలు బిగిసిపోవును. ఆసుపత్రిలో గెలిచిన కాలు ఇంటిలో ఓడిపోవును.

పూర్వము కులసంఘముల పెద్దలు ఏమి చేసిరో స్మరింపుడు. వారు కళాశాలలు కట్టలేదని చిన్నబుచ్చుకొనలేదు. పట్టణములయందు విద్యార్థి వసతిగృహములు నిలిపిరి. పల్లె బాలునకు పట్టెడన్నము, చాప పఱచుకొన చోటు దొరకుటచే కళాశాల వానిదైనది. అదే మార్గము నేడును మనకు శరణ్యము. కోట్లు వెచ్చించి క్రొత్త ఆసుపత్రి కట్టుదమని కొందఱు సెలవిచ్చుచున్నారు. వారి యౌదార్యమునకు వందనము. కాని భవనమునకన్న ముందు దారి కావలయును.

కావున మా విన్నపము మూడు. తిరుపతియందును కర్నూలునందును రోగియు, వెంట వచ్చినవారును నిలుచుటకు గదులను సంఘము అద్దెకు గొనవలయును. కట్టు విప్పువఱకు రాకపోకల ఖర్చు నిచ్చుటకొక నిధిని ప్రత్యేకింపవలయును. ప్రతి తాలూకాకు ఒక చదువుకొన్న యువకుని నియమించి, ఏ గాయమునకు ఎచటికి పోవలయునో చెప్పించి, కాగితములు వ్రాయించి, తిరిగి చూపించుకొనవలసిన దినమును జ్ఞప్తిచేయింపవలయును. ఈ సాయము మనవారికే యని గిరి గీయకుందము. గనిలో బండ పడునప్పుడు కులము నడిగి పడదు.

పోషకులారా! మీ యింట పెండ్లిపందిరికి వెచ్చించు దానిలో ఒక పాలు ఈ నిధికి వేయుడు. నిలువలేనివాడొకడు మరల తన కాళ్ళపై నిలిచి పనికి పోయిన దినమున ఆ యింట వెలుగు దీపము మీదియే యగును. అట్టి దీపములు మన సీమయందు పెక్కు వెలుగుగాక యని కోరి విరమించుచున్నాము.