వెండికీ తరుగుంటుంది

పాత వెండి గిన్నె మార్చుకోవడానికి కొట్టుకు వెళితే, తరుగు ఎంత తీస్తాడోనని మన కళ్లు తక్కెడ మీదే ఉంటాయి కదండీ! ఒకప్పుడు దేశదేశాలా చెల్లిన స్పెయిన్ వారి వెండి నాణేలకూ ఈ తరుగు గొడవ తప్పలేదు. వాటిలో పెద్దది ఎనిమిది రియాళ్ల నాణెం. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు మన మచిలీపట్నం రేవులో బట్టలు కొనడానికి తెచ్చిన వెండిలో ఇవీ ఉండేవి.

చట్టం ప్రకారం దాని బరువు సుమారు 27.5 గ్రాములు, రెండుంబావు తులాలకు కాస్త పైనే. ఇవాళ తూచి చూస్తే కొన్ని చాలా తక్కువ తూగుతాయి. వెంటనే దొంగ నాణెం అనేస్తారు. అంత తొందర పనికిరాదు.

మెక్సికోలోనూ, ఇప్పటి బొలీవియాలోని పొటోసీలోనూ వెండిని కడ్డీ పోసి, బిళ్లలుగా కోసి, అంచులు కత్తిరించి, సుత్తితో ముద్ర కొట్టేవారు. గుండ్రంగా రావాలన్న పట్టింపు లేదు. 230 గ్రాముల మార్కు వెండికి 67 రియాళ్లు రావాలి, అంతే. మొత్తం మీద లెక్క కుదిరితే చాలు. పిండి కొలిచి కలిపినా పూరీలన్నీ ఒక్కలాగే వస్తాయా? అంచు అసలు ఎక్కడిదాకా ఉండేదో తెలియదు గనుక, చేతులు మారినప్పుడల్లా కొసలు కత్తిరించుకున్న మహానుభావులూ ఉన్నారు. అందుకే వర్తకులు లెక్కపెట్టడం కన్నా తూచి పుచ్చుకోవడమే నయమనుకున్నారు. 1732లో మెక్సికోలో యంత్రం మీద గుండ్రటి నాణేలు మొదలై, అంచు చుట్టూ నగిషీ వచ్చాక గాని ఆ కత్తెరకు అడ్డు పడలేదు.

ఇక సముద్రం సంగతి. 1622లో అతోచా అనే ఓడ ఫ్లోరిడా దగ్గర తుఫానులో మునిగింది. అందులోని వెండి రాశి 1985లో బయటపడింది. కుంకుమ భరిణె నాలుగు నెలలు తోమకపోతేనే నల్లబడుతుందే, మరి మూడు వందల అరవై ఏళ్లు ఉప్పునీటిలో ఉంటే? నాణెంలో కలిసిన కొద్దిపాటి రాగిని నీరు లాగేస్తుంది. పైపొర వెండి గంధకంతో కలిసి నల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు తీస్తే దానితోపాటే వెండీ పోతుంది. పెట్టెలో కుప్ప నడుమ ఉన్నవి ముద్ర చెదరకుండా దక్కాయి. పైవరసవి మాత్రం అప్పడంలా పలచబడ్డాయి. అవీ అసలైనవే సుమండీ!

తూకం సరిపోతే మంచిదేనా అంటే, అదీ చెప్పలేం. పొటోసీలో రోచా అనే వెండి వర్తకుడు టంకసాల వాళ్లతో కుమ్మక్కై రాగి ఎక్కువ కలిపించాడు. మోసం బరువులో కాదు, మేలిమిలో. 1650లో అతనికి మరణశిక్ష వేశారు. ఆ నాణేల విలువ తగ్గించి, పైన కిరీటం గుర్తు కొట్టి మళ్లీ చెలామణీలోకి వదిలారు.