మనవాళ్లు ఎంతమంది? ఏ మెట్టు మీద?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక లెక్క గురించి మాట్లాడాలని వచ్చాను. ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను.

మా హాస్టల్లో కొత్తగా చేరిన మూడో తరగతి పాప తెల్లవారుజామున కడుపు పట్టుకుని లేచింది. వాంతులు. రెప్పలు వాలిపోతున్నాయి. 108లో ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరు తెలుగులో అడుగుతుంటే పాప కువిలో గొణుగుతోంది. నాది కోయ మాట, నాకూ అర్థం కాలేదు. స్ట్రెచర్ తోసే కుర్రాడు వంగి విని, "నిద్రలో కాలికి ఏదో కుట్టిందట మేడమ్" అన్నాడు. కట్లపాము కాటు అంతే. పెద్దగా నొప్పి ఉండదు, గాటు కనబడకపోవచ్చు. డాక్టరు వెంటనే పాము విరుగుడు మందు ఎక్కించారు. పాప బతికింది.

ఆ కుర్రాడు మనవాడే. కానీ అవుట్‌సోర్సింగ్‌లో స్ట్రెచర్ తోస్తున్నాడు. అదే భాష తెలిసిన నర్సో, డాక్టరో అక్కడ ఉంటే ఆ మాట మొదటి నిమిషంలోనే తెలిసేది. అత్యవసర వైద్యంలో మనవాళ్లు ఉండాలని నేననేది ఉద్యోగాల కోసమే కాదు, ప్రాణాల కోసం.

ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగాల్లో మన రిజర్వేషన్ 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. "కోటా నిండింది" అని ఎవరైనా చెబితే అక్కడితో ఆగకండి. నాలుగు అంకెలు అడగండి. ఎంతమంది దరఖాస్తు చేశారు? ఎంతమంది ఎంపికయ్యారు? రెండేళ్ల తర్వాత ఎంతమంది మిగిలారు? నిర్ణయం తీసుకునే కుర్చీల్లో ఎంతమంది ఉన్నారు? దరఖాస్తులే తక్కువైతే లోపం ప్రచారంలో, చదువులో ఉంది. చేరినవాళ్లు వెళ్లిపోతుంటే లోపం పనిచేసే చోట ఉంది. మందు వేరు, జబ్బు వేరు కాకూడదు కదా.

ఇంకో మాట. ఎస్టీ అని ఒకే గడిలో రాస్తే చెంచులు, కోదులు, పోర్జాలు అందులో కనబడకుండా పోతారు. ఏ తెగ, ఆడా మగా, ఏ భాష వచ్చు అన్నవి విడిగా లెక్కించాలి. పదిమంది ఉన్న విభాగంలో ఒక్కరు మానేస్తే పది శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే మూడేళ్ల లెక్క కలిపి చూడండి.

చేర్చుకుంటే చాలదని అమెరికా చరిత్ర చెబుతోంది. పిట్స్‌బర్గ్ నగరంలో ఒకప్పుడు రోగులను పోలీసు బండ్లలో తరలించేవారు. 1967లో అక్కడి హిల్ డిస్ట్రిక్ట్‌లో పని లేని నల్లజాతి యువకులను చేర్చుకుని, డాక్టర్ పీటర్ సఫార్ తయారుచేసిన శిక్షణ ఇచ్చారు. అదే ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్. ఆ దేశంలో నేటి పారామెడిక్ వృత్తికి దారి చూపినవాళ్లలో వాళ్లు ముందున్నారు. 1975లో నగరమే సొంత సర్వీసు పెట్టి దాన్ని మూసేసింది. కొత్త సర్వీసులో చేరినవాళ్లలో చాలామంది నిలవలేకపోయారు. చేరినవాళ్లను ఎవరు కనిపెట్టుకుని ఉండాలో అప్పుడే అడగాల్సింది.

మనకూ దారులున్నాయి. 108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. అందులో ఈఎంటీ, పైలట్ ఉద్యోగాలున్నాయి. నర్సింగ్ ఉంది. ఎంబీబీఎస్ చేసినవాళ్లకు ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ ఉంది. ఇంటర్‌లో బైపీసీ అంటే భయపడే పిల్లలను మీ అన్నలూ అక్కలే కూర్చోబెట్టి చదివించాలి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పేర్లు అడగొద్దు, ఆ నాలుగు అంకెలే అడగండి. రెగ్యులర్, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వేర్వేరుగా ఇవ్వమనండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన కాగితం పట్టుకుని మన సంఘం సమావేశానికి రండి. అక్కడినుంచి కలిసి మాట్లాడదాం.

జై ఆదివాసీ.