రిపోర్టులో ‘అయోర్టా డైలేటెడ్’ అని ఉంటే

కందుకూరు నుంచి పట్నం వెళ్లి, నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో గుండెకు ఎకో తీయించుకున్న వాళ్ల రిపోర్టులో ఒక్కోసారి ‘అయోర్టా డైలేటెడ్’ అని ఉంటుంది. ఇక ఇంటిల్లిపాదికీ కంగారే!

అయోర్టా అంటే గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం పంపే పెద్ద ధమని. పెద్దవాళ్లలో గుండె దాటగానే దీని వెడల్పు సుమారు 3 నుంచి 3.5 సెంటీమీటర్లు, పొట్టలో 2. మనిషి ఒడ్డూ పొడుగును, వయసును బట్టి కొంత తేడా ఉంటుంది. ఛాతీలో 4 ఉంటే వెడల్పయినట్టే, కానీ అది అన్యూరిజం కాదు. మామూలు కొలతకు ఒకటిన్నర రెట్లయితేనే సాధారణంగా ఆ పేరు పెడతారు. పొట్టలో అయితే 3కే అన్యూరిజం అంటారు. పాత సైకిల్ ట్యూబు అరిగినచోట బుడగలా ఉబ్బుతుందే, అలాగన్నమాట.

ఐన్‌స్టీన్‌కు ఉన్నది ఈ పొట్టలోని ఉబ్బే. 1948లో డాక్టర్ నిస్సెన్ దానికి సెల్లోఫేన్ కాగితం చుట్టారు! ఏడో ఏట, 1955లో, అది పగిలే ఆయన పోయారు. ఇప్పుడు ఛాతీలో చాలామందికి 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ ఆలోచిస్తారు. గుండె కవాటంలో పుట్టుకతో లోపమో, మార్ఫాన్ అనే జన్యుపరమైన జబ్బో ఉంటే ఇంకా ముందే.

అంతదాకా బీపీ అదుపులో పెట్టుకోవాలి. బీడీ, సిగరెట్టు మానాల్సిందే. ఇందులో బేరం లేదు. బరువులు ఎత్తే పనుంటే డాక్టర్ని అడగండి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకూ పరీక్ష కావాలేమో కనుక్కోండి. ఛాతీలోనో వీపులోనో ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తే, గ్యాస్ అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.